పాస్‌బుక్కులో లేని పేరు: దళిత యువ సేద్యగాళ్లూ, గుర్తింపు చరిత్రా

యువ రైతు అంటే ఎవరు? ఈ ప్రశ్నకు సర్కారు ఆఫీసుల్లో తడుముకోకుండా జవాబు దొరుకుతుంది. పట్టాదారు పాస్‌బుక్కు ఉన్నవాడు, కొత్త విత్తనం వేసినవాడు, ఎకరానికి ఎక్కువ బస్తాలు పండించినవాడు, వేదిక మీద శాలువా కప్పించుకున్నవాడు యువ రైతు. మరి ఎనిమిదేళ్లకే పశువుల వెంట పోయి, పన్నెండేళ్లకు గొర్రు పట్టి, ఇరవయ్యేళ్లకు ఊరి ఆయకట్టంతా చేతివేళ్ల మీద చెప్పగలిగిన మాల, మాదిగ యువకుడు ఎవరు? పొద్దు పొడవక ముందే నారు పీకి, పొద్దు గుంకేదాకా వంగిన నడుము ఎత్తకుండా నాట్లేసిన పద్దెనిమిదేళ్ల ఆడపిల్ల ఎవరు? వాళ్లకు రైతు అన్న పేరు లేదు. పాలేరు, జీతగాడు, కూలి అనే పేర్లే ఉన్నాయి.

సేద్యంలోనూ, తమ సమాజాల బాగు కోసమూ పనిచేసే యువతను గుర్తించాలని ఇప్పుడు అందరూ అంటున్నారు. మంచిదే. కానీ గుర్తింపు అనేదానికీ ఒక చరిత్ర ఉంది. ఎవరిని గుర్తించారు, దేనికి గుర్తించారు, ఏ కొలబద్దతో గుర్తించారు అని అడగకుండా ఆ మాట వాడితే అది పాత దొరతనానికి కొత్త శాలువా కప్పడమే అవుతుంది. తెలుగు నేల మీద ఈ గుర్తింపు చరిత్రను దళిత యువ సేద్యగాళ్ల వైపు నుంచి చదవడానికే మేము ఈ వ్యాసం రాస్తున్నాం.

పనిమెట్లు

ముందు పని సంగతి చూద్దాం. కోస్తాలో పాలేరుతనం, తెలంగాణలో జీతం వయసును బట్టి మెట్లు మెట్లుగా నడిచేవి. మొదటి మెట్టు పశుల కాపరి. ఆ తర్వాత చిన్న పాలేరు. కండ పట్టాక పెద్ద పాలేరు. ప్రభుత్వ జాతీయ యువజన విధానం 2014లో 15 నుంచి 29 ఏళ్లవాళ్లను యువత అంది. వాడలో పుట్టిన పిల్లవాడు ఆ పదిహేనో ఏడు వచ్చేసరికే ఏడెనిమిదేళ్ల అనుభవం ఉన్న పనివాడు. ఇరవై తొమ్మిదో ఏడు వచ్చేసరికి సగం అరిగిపోయిన మనిషి. మన దగ్గర యవ్వనం కూడా కులాన్ని బట్టే వస్తుంది, పోతుంది.

చాలా ఊళ్లలో ఏరువాక పున్నమి నాడు పాలేళ్లకు కొత్త బట్టలు పెట్టే ఆచారం ఉండేది. అది కూడా ఒక గుర్తింపే అని కొందరు అంటారు. కాదనం. కానీ ఆ బట్ట ఎవరి చేతిలోంచి ఎవరి చేతిలోకి పోయిందో చూడాలి. ఇచ్చేవాడి దయ మీద ఆధారపడేది బహుమానం. అడిగి తీసుకునేది హక్కు. ఏడాదికొక్క రోజు బట్ట పెట్టినవాడే మిగతా రోజుల్లో అప్పు పద్దు చూపించి తండ్రి జీతాన్ని కొడుకు మెడకు తగిలించేవాడు.

ఈ పనిలో చదువు లేదని అనడం పెద్ద అబద్ధం. తెలంగాణ చెరువుల కింద నీరటి పని చూడండి. తూము ఎప్పుడు ఎత్తాలి, ఏ మడికి ఎంతసేపు పారించాలి, నీళ్లు తక్కువైన ఏడు ఆయకట్టులో ఎంత భాగానికి నీళ్లు ఆపాలి, వానాకాలం రాత్రి మత్తడి దూకుతుంటే కట్ట ఎక్కడ ఊటెత్తుతుందో ఎట్లా కనిపెట్టాలి అన్న లెక్కంతా నీరటికాడిది. ఎక్కువ ఊళ్లలో ఈ పని దళిత కుటుంబాలదే. కొడుకు తండ్రి వెంట కట్ట మీద తిరుగుతూ నేర్చుకున్న విద్య అది. మోట బావి కాలంలో మోట తొండం, వార్లు మాదిగ ఇంటి నుంచి రాకపోతే బావి కింద ఒక్క మడి తడిసేది కాదు. తోలు ఊనబెట్టి, కోసి, కుట్టి, నీళ్లకు ఎన్నాళ్లు ఆగుతుందో చెప్పగల నేర్పు వ్యవసాయ విజ్ఞానం కాకపోతే ఇంకేమిటి? దీనికి కల్లంలో మేర కొలిచారు. మేరను కూలి అనలేదు, పంటలో వాటా అనలేదు, కట్టుబాటు అన్నారు. పనిని కట్టుబాటు చేసేస్తే పనిమంతుడి పేరు మాయమైపోతుంది.

కలాలకు కనిపించిన పాలేరు

సాహిత్యం ఈ యువకుణ్ణి సర్కారు కంటే ముందే చూసింది. 1922లో వచ్చిన ఉన్నవ లక్ష్మీనారాయణ 'మాలపల్లి'లో సంగదాసు యువ వ్యవసాయ కూలీ. కూలి గింజల దగ్గర న్యాయం కోసం నిలబడి భూస్వామి చౌదరయ్య చేతిలో చనిపోతాడు. ఆ నవలను మద్రాసు ప్రభుత్వం నిషేధించింది. కూలివాడిని నాయకుడిగా చూపించడమే ప్రభుత్వానికి ప్రమాదంగా కనిపించింది మరి.

ఆ తర్వాత బోయి భీమన్న 'పాలేరు' నాటకం. స్వాతంత్ర్యానికి ముందే ఊరూరా ఆడారు. పాలేరు కుర్రవాడు చదువుకుని డిప్యూటీ కలెక్టరు అవుతాడు. ఆ నాటకం చూసి పిల్లల్ని బడికి పంపిన తల్లిదండ్రులు ఎందరో ఉన్నారు. దాని మేలు తక్కువది కాదు. అయినా ఒక సంగతి గమనించాలి. ఆ కుర్రవాడికి గౌరవం దక్కింది పాలేరుతనం వదిలిన తర్వాతే. అది భీమన్న లోపం కాదు. ఆ సమాజంలో మరో దారి కనిపించకపోవడమే అసలు సంగతి. పొలం వదిలితేనే మనిషి అవుతావు, పొలంలో ఉన్నంతకాలం పశువుతో సమానం అని సమాజం మనకు చెప్పింది. అగ్రకులాల పిల్లలకు ఇట్లాంటి షరతు లేదు. వాళ్లు చదివి కలెక్టరైనా గౌరవమే, చదివి పొలానికి తిరిగొచ్చినా 'ఆదర్శ యువ రైతు' అన్న గౌరవమే.

అంబేడ్కర్ 1948 నవంబరు 4న రాజ్యాంగ సభలో ఊరిని ఎట్లా తూర్పారబట్టాడో మనకు తెలుసు. ఊరు విడిచిపోయే హక్కు దళితుడికి ఉండాల్సిందే. దాని మీద మాకు రెండో మాట లేదు. కానీ అదే అంబేడ్కర్ 1937లో బొంబాయి శాసనసభలో ఖోతీ పద్ధతి రద్దుకు బిల్లు పెట్టాడు, 1938 జనవరిలో వేలాది రైతులతో, కూలీలతో బొంబాయి శాసనసభ మీదికి ఊరేగింపు నడిపాడు. ఆయన తర్వాత 1964లో రిపబ్లికన్ పార్టీ దాదాసాహెబ్ గైక్వాడ్ నాయకత్వంలో భూమి కోసం దేశవ్యాప్త సత్యాగ్రహం చేసింది. కాబట్టి ఊరు విడిచే హక్కు, ఊళ్లో భూమి మీద తలెత్తుకు నిలబడే హక్కు ఒకదానికొకటి పోటీ కాదు. రెండోది లేనివాడికి మొదటిది వలసే అవుతుంది గాని విముక్తి కాదు.

బిరుదులు పంచిన రాజ్యం

ఇక సర్కారు గుర్తింపు సంగతి. స్వాతంత్ర్యం వచ్చిన తొలి ఏళ్లలోనే పంటల పోటీలు పెట్టి, ఎకరానికి ఎక్కువ దిగుబడి తీసినవాళ్లకు 'కృషి పండిత' బిరుదులు ఇచ్చారు. 1952 అక్టోబరు 2న సమాజాభివృద్ధి పథకం మొదలైంది. గ్రామసేవకులు వచ్చారు. యువజన సంఘాలు, యువ రైతు సంఘాలు పెట్టమన్నారు. కాగితం మీద ఆ సంఘాలకు కులం లేదు. కానీ ఆ సంఘం ఎక్కడ కూర్చుంటుంది? ఊళ్లో, పెద్దల అరుగు మీద. వాడ పిల్లవాడు ఆ అరుగెక్కగలడా? గ్రామసేవకుడు కొత్త విత్తనం ప్రదర్శన మడి ఎవరి పొలంలో వేస్తాడు? పొలం ఉన్నవాడి పొలంలోనే.

హైదరాబాదు దగ్గరి శామీర్‌పేట మీద 1955లో పుస్తకం రాసిన ఎస్.సి. దూబే, ఆ తర్వాత ఉత్తరప్రదేశ్‌లో సమాజాభివృద్ధి పథకాన్ని పరిశీలించి 1958లో మరో పుస్తకం తెచ్చాడు. పథకం ఫలం ఎక్కువగా ఊళ్లో ముందే కలిగినవాళ్లకు చేరిందని అందులో తేల్చాడు. ఇది విప్లవకారులు చేసిన ఆరోపణ కాదు. సర్కారు ప్రయత్నం పట్ల సానుభూతి ఉన్న సామాజిక శాస్త్రవేత్త చూసి చెప్పినదే.

1960-61లో సాంద్ర వ్యవసాయ పథకానికి దేశంలో ముందుగా ఎంచుకున్న జిల్లాలలో పశ్చిమ గోదావరి ఒకటి. నీళ్లు, ఎరువు, విత్తనం, అప్పు అన్నీ ఒక్కచోట కుమ్మరించి దిగుబడి పెంచాలన్నది ఆలోచన. దిగుబడి పెరిగింది. పెరిగిన దిగుబడికి బిరుదు ఎవరికి పోయింది? భూమి ఉన్నవాడికి. వరుస తప్పకుండా, లోతు ఎక్కువ కాకుండా, మొక్క కుదురు చెడకుండా నాటిన చేతులకు బిరుదు లేదు, రోజు కూలి ఉంది. అదీ మగవాడికొక రేటు, ఆడమనిషికి ఒక రేటు. ఎకరాకు బస్తాలు అనే కొలబద్దలోనే భూమి లేనివాడిని బయట పెట్టే కిటుకు ఉంది. ఎకరమే లేనివాడికి ఎకరా దిగుబడి ఎక్కడిది?

చట్టం మనల్ని పేరుపెట్టి పిలిచిన రోజు

రాజ్యం దళిత యువ సేద్యగాణ్ణి పేరు పెట్టి పిలిచిన సందర్భం ఒకటి ఉంది. అది 1976 నాటి వెట్టి చాకిరీ నిర్మూలన చట్టం. 1975 అక్టోబరు 25 నుంచి అమల్లోకి వచ్చినట్టు లెక్క. అందులో వెట్టి చాకిరీ అంటే ఏమిటో నిర్వచిస్తూ దేశంలో దానికున్న పేర్లన్నీ జాబితాగా ఇచ్చారు. ఆ జాబితాలో మన పేర్లు ఉన్నాయి: బాగేలా, జీతం, పాలేరు, వెట్టి. తెలుగు ఊళ్లలో ఇంటింటా వినబడే మాటలు పార్లమెంటు చట్టానికెక్కాయి.

దీని అర్థం ఆలోచించాలి. బిరుదుల జాబితాలో లేని పాలేరు బానిసత్వాల జాబితాలో చేరాడు. ఆ చట్టం మంచిది, కావలసినది. దాన్ని తక్కువ చేయడం మా ఉద్దేశం కాదు. కానీ విడిపించాల్సిన బాధితుడిగా మాత్రమే పాలేరును గుర్తించి, సేద్యం తెలిసినవాడిగా గుర్తించకపోవడం వల్ల ఒక పని ఆగిపోయింది. విడుదలైన జీతగాడు రేపటి నుంచి ఏ భూమి మీద బతకాలి? అప్పు రద్దయింది సరే, అరక ఎక్కడిది? ఈ ప్రశ్నలకు చట్టంలో పునరావాసం అన్న మాటే తప్ప భూమి లేదు.

భూమి పేరుతో వచ్చిన చట్టాలు వేరే ఉన్నాయి. మద్రాసు రాష్ట్రంలో 1920ల నుంచి లేబర్ డిపార్టుమెంటు అణగారిన కులాలకు బంజర్లు ఇవ్వడం మొదలుపెట్టింది. ఆంధ్రప్రదేశ్‌లో 1973లో భూసంస్కరణల చట్టం, 1977లో అసైన్డు భూముల బదిలీ నిషేధ చట్టం వచ్చాయి. ఇచ్చిన భూములు చేతులు మారుతున్నాయి కాబట్టే 1977 చట్టం అవసరమైంది. 2006లో కోనేరు రంగారావు కమిటీ మళ్లీ అదే గోడు చెప్పింది. చాలాచోట్ల పట్టా తండ్రి పెట్టెలో, భూమి పక్క ఆసామి దుక్కిలో. కొడుకు మాత్రం ఆ ఆసామి దగ్గరే కూలికి. ఇట్లాంటి ఇంట్లో పుట్టిన యువకుడిని ఏ పోటీలో నిలబెడతారు?

గుర్తింపును అడిగినవాళ్లు

గుర్తింపు ఎవరో ఇచ్చేదాకా దళిత యువత చేతులు కట్టుకు కూర్చోలేదు. 1917లో బెజవాడలో భాగ్యరెడ్డివర్మ అధ్యక్షతన జరిగిన సభ 'పంచమ' అన్న పేరును వదిలి 'ఆది ఆంధ్ర' అనే పేరు తీసుకుంది. మన పేరు మనమే పెట్టుకోవడం తొలి గుర్తింపు. ఆ తర్వాత వాడల్లో రాత్రి బడులు నడిచాయి. పగలు పొలంలో పనిచేసినవాళ్లే రాత్రి దీపం దగ్గర పలక పట్టారు. 1930లలో కోస్తాలో వ్యవసాయ కూలీ సంఘాలు పుట్టాయి. 1946 నుంచి 1951 దాకా సాగిన తెలంగాణ సాయుధ పోరాటం వెట్టిని దెబ్బతీసింది. ఆ పోరాటాల చరిత్రలో నాయకుల పేర్లు ఉన్నాయి. దళం వెంట కబురు మోసినవాడి పేరు, దొర గడికి వెట్టికి పోనని మొదటిసారి అన్నవాడి పేరు చాలాచోట్ల లేవు.

1978 సెప్టెంబరు 7న జగిత్యాలలో రైతుకూలీలు జైత్రయాత్ర చేశారు. వెట్టి ఆపాలని, జీతగాళ్ల జీతం పెంచాలని, దొరలు ఆక్రమించిన బంజర్లు వదలాలని అడిగారు. ఆ కదలికలో ముందు నిలిచినవాళ్లలో దళిత, వెనుకబడిన కులాల యువకులు ఎక్కువ. ప్రభుత్వం ఇచ్చిన జవాబు ఏమిటి? 1978 అక్టోబరు 20న సిరిసిల్ల, జగిత్యాల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. పొలం పని తెలిసిన యువకుడు సంఘం పెడితే 'కల్లోలం', భూమి ఉన్న యువకుడు సంఘం పెడితే 'యువ రైతు సంఘం'. ఒకే వయసు, ఒకే ఊరు, ఒకే మట్టి. తేడా ఎక్కడుందో వేరే చెప్పాలా?

కోస్తాలో 1985 జూలై 17 కారంచేడు, 1991 ఆగస్టు 6 చుండూరు. ఈ రెండు మారణకాండల మీద ఇప్పటికే చాలా రాశారు. మేము ఇక్కడ చెప్పదలిచింది ఒక్క కోణమే. రెండు చోట్లా దాడి మొదలు దళిత యువత ఆత్మగౌరవం దగ్గరే. కారంచేడులో మాదిగపల్లె తాగే చెరువు నీటిలో కుడితి కలపొద్దన్న ఒక కుర్రవాడి అభ్యంతరం, ఎదురు నిలిచిన ఒక ఆడమనిషి బిందె. చుండూరులో సినిమా హాలులో చదువుకున్న యువకుడి కాలు తగిలిందన్న సాకు. కారంచేడులో ఆరుగురిని, చుండూరులో ఎనిమిది మందిని చంపారు. చుండూరులో హత్యలకు ముందు దళితులకు పొలం పనులు ఆపేశారు. అంటే కూలి ఇవ్వడం ఆపడమే ఆయుధం. ఏ చేతులు లేకపోతే పంట గట్టెక్కదో తెలిసి కూడా, ఆ చేతులకు తిండి ఆపితే లొంగుతాయని అనుకున్నారు.

లొంగలేదు. కారంచేడు బాధితులు తిరిగి ఆ ఊరి పాలేరుతనానికి పోమన్నారు, చీరాలలో శిబిరం వేశారు. 1985 సెప్టెంబరు 1న అక్కడే దళిత మహాసభ పుట్టింది. చుండూరువాళ్లు శవాలను ఊరి నడుమ పూడ్చి ఆ చోటికి రక్తక్షేత్రం అని పేరు పెట్టారు, ఊళ్లోనే ప్రత్యేక కోర్టు పెట్టించుకున్నారు. 2007లో ఆ కోర్టు 21 మందికి యావజ్జీవ శిక్ష వేసింది. 2014లో హైకోర్టు నిందితులను విడుదల చేసింది. న్యాయం సంగతి అట్లా ఉన్నా, సమాజం కోసం నిలబడిన యువత అంటే ఎవరో ఆ ఊళ్లు చూపించాయి. ఏ అవార్డు కమిటీ వాళ్ల పేర్లు రాసుకోలేదు.

పూల దగ్గరి ఆడపిల్లలు

ఆడపిల్లల సంగతి వేరేగా చెప్పుకోవాలి. 1990లలో కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో హైబ్రిడ్ పత్తి విత్తనాల సాగు పెరిగింది. ఆ విత్తనం చేతి పనితోనే పుడుతుంది. సాయంత్రం మొగ్గ విచ్చకముందే పైరేకులు, పుప్పొడి తిత్తులు ఒలిచేయాలి. మర్నాడు పొద్దున మగ మొక్క పూలు తెచ్చి ఆ కీలాగ్రానికి అద్దాలి. నెలల తరబడి ప్రతి రోజూ ఈ 'క్రాసింగ్' పనే. సన్నటి వేళ్లు కావాలని, ఎదురు మాట్లాడరని, కూలి తక్కువని పద్నాలుగేళ్ల లోపు ఆడపిల్లలను వేలమందిని ఈ పనిలో దింపారు. వాళ్లలో ఎక్కువమంది దళిత, గిరిజన, వెనుకబడిన కులాల పిల్లలు. తండ్రికి బయానా ఇచ్చి బిడ్డ సీజనంతా కట్టేసుకోవడం మామూలు.

దేశపు పత్తి చేలు నింపిన విత్తనం వెనుక ఆ వేళ్లు ఉన్నాయి. దీన్ని 'పిల్లల నైపుణ్యం' అని పొగడటానికి మేము రాయడం లేదు. ఆ పిల్లలు ఉండాల్సింది బడిలో. వెట్టి పిల్లలను, పనిపిల్లలను బడికి తెచ్చే పని 1990లలో రంగారెడ్డి జిల్లాలో ఎంవీ ఫౌండేషన్ వంటి సంస్థలు చేసి చూపించాయి. కానీ 2016లో బాలకార్మిక చట్టాన్ని సవరించి, బడి వేళల తర్వాత కుటుంబ పనిలో పిల్లలు సాయం చేయవచ్చని సడలింపు ఇచ్చారు. కూలి కుటుంబానికి 'కుటుంబ పని' అంటే ఆసామి చేలో పనే అని తెలిసినవాళ్లకు ఈ సడలింపు ఎవరికి మేలో తెలుసు. పిల్లల చాకిరీని గుర్తింపు పేరుతో తీపి చేయకూడదు. యువత సేద్యాన్ని చాకిరీ పేరుతో తుడిచేయకూడదు. ఈ రెండింటి మధ్య గీత గీసుకునే మాట్లాడాలి.

జహీరాబాదు నేర్పిన పాఠం

మరో దారి ఉందా అంటే, ఉందని పాత మెదక్ జిల్లా జహీరాబాదు ప్రాంతంలో దళిత స్త్రీల సంఘాలు చూపించాయి. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ 1983లో పస్తాపూర్ కేంద్రంగా మొదలైంది. భూమి లేని, ఉన్నా ఎర్ర రాళ్ల చెలక తప్ప మరేమీ లేని స్త్రీలు సంఘాలుగా కూడారు. కలిసి కౌలుకు తీసుకున్నారు. జొన్న, కొర్ర, సజ్జ, కంది, అనుము కలిపి ఒకే చేలో పండించారు. విత్తనం కొనకుండా ఇంట్లో బూడిద, వేపాకు కలిపి దాచారు. ఊరూరా విత్తన నిల్వలు పెట్టుకున్నారు. 1990ల నడుమ బీడు పడిన చేలను దున్నించడానికి సంఘం ద్వారా సాయం ఇచ్చి, దాన్ని జొన్నల రూపంలో తిరిగి జమ చేయించి, ఆ జొన్నలను కరువు నెలల్లో ఊళ్లో అందరికన్నా పేదవాళ్లకు తక్కువ ధరకు ఇచ్చే పద్ధతి నడిపారు. పేదవాళ్లు ఎవరో తేల్చింది తహసీల్దారు కాదు, నేల మీద ముగ్గుతో ఊరి పటం గీసి ఊరివాళ్లే తేల్చారు.

ఇక్కడ యువతకు ఏ పని దొరికిందో చూడండి. మాచ్‌నూర్‌లో రేడియో కేంద్రం 1998లోనే కట్టారు. లైసెన్సు లేదు. ప్రసారం చేయలేక పదేళ్లపాటు పాటలు, విత్తనాల ముచ్చట్లు, మందు మొక్కల సంగతులు టేపుల్లో రికార్డు చేసి సంఘాల్లో వినిపించారు. 2006లో ప్రభుత్వ విధానం మారింది. 2008 అక్టోబరు 15న సంఘం రేడియో గాలిలోకి వచ్చింది. దాన్ని నడిపింది జనరల్ నర్సమ్మ, అల్గోల్ నర్సమ్మ అనే ఇద్దరు దళిత యువతులు. మైకు పట్టి పక్క ఊరి అవ్వను 'ఈ విత్తనం ఏ మట్టికి పనికొస్తదవ్వా' అని అడిగి, ఆ జవాబును చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ వినిపించారు. ఇంకొందరు స్త్రీలు కెమెరాలు పట్టి తమ చేల మీద తామే సినిమాలు తీశారు. 2019లో ఈ సంఘాల పనికి ఐక్యరాజ్యసమితి అభివృద్ధి సంస్థ ఈక్వేటర్ బహుమతి ఇచ్చింది. 2023ను ప్రపంచం చిరుధాన్యాల సంవత్సరం అంది.

ఈ కథలో మాకు ముఖ్యం అనిపించింది ప్రపంచ బహుమతి కాదు. బయటి గుర్తింపు రావడానికి పదుల ఏళ్లు ముందే సంఘం తనలో తాను ఒక గుర్తింపు కొలబద్ద తయారు చేసుకుంది. ఎవరి ఇంట్లో ఎన్ని రకాల విత్తనం ఉంది, అడిగినవాళ్లకు ఎంత ఇచ్చారు, ఎవరు ఎవరికి నేర్పారు అన్నవి ఆ కొలబద్ద మీది గీతలు. ఎకరాల సంఖ్య అందులో లేదు. అందుకే ఒకప్పుడు జొన్న తినేవాళ్లని వెక్కిరింపు పడిన ఆడవాళ్లు ఆ కొలబద్ద మీద పెద్దమనుషులయ్యారు. స్వచ్ఛంద సంస్థల నిధులు, వాటి నాయకత్వం ఎవరి చేతిలో ఉంటాయన్న ప్రశ్నలు ఉన్నాయి, ఉండాలి కూడా. కానీ ఆ ప్రశ్నల పేరు చెప్పి ఈ స్త్రీల పనిని పక్కన పెట్టే హక్కు ఎవరికీ లేదు.

రైతు అనే మాట అర్థం

ఇప్పుడు మళ్లీ మొదటి ప్రశ్నకు వద్దాం. 2007 నాటి జాతీయ రైతు విధానం రైతు అనే మాటకు విశాలమైన అర్థం ఇచ్చింది. సాగు చేసే భూయజమానులే కాదు, కౌలుదారులు, పాలుకు చేసేవాళ్లు, వ్యవసాయ కూలీలు, పశువుల కాపరులు, చేపలు పట్టేవాళ్లు, పోడు చేసే గిరిజనులు అందరూ రైతులేనంది. స్వామినాథన్ అధ్యక్షతన పనిచేసిన రైతు కమిషన్ కృషి ఇది. కాగితం మీద ఇంతకన్నా గొప్ప గుర్తింపు లేదు.

పథకాలు వచ్చేసరికి మాత్రం కథ మారింది. 2018లో తెలంగాణలో వచ్చిన రైతుబంధు పట్టాదారుకు ఎకరాల లెక్కన డబ్బిచ్చింది. కౌలుదారుకు లేదు. అదే ఏడు ఆగస్టు 15న మొదలైన రైతు బీమా 18 నుంచి 59 ఏళ్లవాళ్లకు 5 లక్షలన్నది, అదీ భూమి పేరున ఉన్నవాళ్లకే. కేంద్రం తెచ్చిన పీఎం కిసాన్‌కు 2019 ఫిబ్రవరి 1 నాటికి భూమి రికార్డుల్లో పేరుండాలన్నారు. ఆంధ్రప్రదేశ్‌లో 2011లో సాగుదారుల లైసెన్సు చట్టం, 2019లో పంట సాగుదారుల హక్కుల చట్టం వచ్చాయి. రెండోదానికి భూమి యజమాని సంతకం కావాలి. ఆసామి సంతకం పెడతాడా? భూమిలేని ఉపాధి హామీ కూలీ కుటుంబాలకు ఏడాదికి 12 వేల రూపాయల పథకాన్ని తెలంగాణ ప్రభుత్వం 2025 జనవరి 26న మొదలుపెట్టింది. కూలీని పథకంలో పేర్కొనడం ఒక అడుగే. అయితే అక్కడా అతను సాయం పొందేవాడే గాని రైతు కాదు.

లెక్కలు చూస్తే సంగతి ఇంకా తేటపడుతుంది. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో షెడ్యూల్డ్ కులాల పనివాళ్లలో దాదాపు 46 శాతం వ్యవసాయ కూలీలు. సొంత సాగు చేసేవాళ్లు 15 శాతం లోపు. 2015-16 వ్యవసాయ గణనలో షెడ్యూల్డ్ కులాల కమతాలు దాదాపు 12 శాతం, వాటి విస్తీర్ణం 9 శాతం లోపు. జనాభాలో మాత్రం 16.6 శాతం. పాస్‌బుక్కే గుర్తింపు కార్డయితే దళిత యువతలో అత్యధికులు ఆ గుమ్మం దాటరు.

ఇది గౌరవం ఒక్కదాని సంగతే అయితే ఇంత రాయనక్కరలేదు. రైతు అనే పేరు లేకపోతే బ్యాంకు అప్పు లేదు, వడ్డీ వ్యాపారే గతి. పంట పోతే నష్టపరిహారం ఆసామి ఖాతాలో పడుతుంది. కౌలు మాత్రం కౌలుదారే కట్టాలి. చివరికి చావు లెక్క కూడా అంతే. పత్తి చేలో పురుగుమందు తాగి చనిపోయిన కౌలు యువకుడు రైతా కాదా అని ఆఫీసులో తగువు. 2014 నుంచి జాతీయ నేర గణాంకాల సంస్థ రైతుల ఆత్మహత్యలను, వ్యవసాయ కూలీల ఆత్మహత్యలను వేరు వేరుగా లెక్కపెట్టింది. రెండు వరుసలు పక్కపక్కనే ఉన్నా పత్రికల శీర్షికలకు ఎక్కేది ఎక్కువగా మొదటి వరుసే.

చేయవలసిన పని

ఈ వ్యాసం చదివే కార్యకర్తలు, విద్యార్థులు, ఉపాధ్యాయులు చేయగల పనులు కొన్ని ఉన్నాయి. ప్రతి వాడలో పని చరిత్ర రాయాలి. నీరటికాడు ఎవరు, మోట తొండం ఎవరు కుట్టారు, రాత్రిబడి ఎవరు నడిపారు, కూలి రేటు పెంచమని మొదట ఎవరు అడిగారు, ఏ విత్తనం ఎవరి ఇంట్లో మిగిలింది అన్నవి పెద్దవాళ్లు ఉండగానే అడిగి రాసుకోవాలి. ఉపాధ్యాయులు దీన్ని పిల్లల చేత చేయించవచ్చు. తన తాత చెరువు లెక్క తెలిసిన మనిషి అని బడిలో చదివిన పిల్లవాడు తలదించుకోడు.

రెండో పని, కౌలుదారుల, కూలీల పేర్లు ఊరివారీగా గ్రామసభలో చదివించి, రైతు జాబితాలో ఎక్కించమని అడగడం. ఆసామి సంతకం మీద ఆధారపడని గుర్తింపు కావాలంటే గ్రామసభ ముందు పక్కచేను వాళ్ల సాక్ష్యం చాలునని చట్టం చేయించాలి. మూడోది, అవార్డులు ఇచ్చేవాళ్లను కొలబద్ద మార్చమనడం. ఎకరా దిగుబడితో పాటు నీళ్లు పంచినవాడు, విత్తనం కాపాడిన పిల్ల, కూలి సంఘం నడిపిన కుర్రవాడు, వాడ పిల్లలకు చదువు చెప్పిన యువతి లెక్కలోకి రావాలి. అన్నిటికన్నా ముందు భూమి. 'దున్నేవాడిదే భూమి' అన్న నినాదం అరిగిపోయిందని అనేవాళ్లున్నారు. నినాదం అరిగింది గాని భూమి చేతులు మారలేదు. తెలంగాణలో 2014 ఆగస్టు 15న మొదలైన దళితులకు మూడెకరాల పథకం చాలామంది గడపదాకా రాలేదు. 2021లో భూమి బదులు డబ్బిచ్చే దళిత బంధు వచ్చింది. డబ్బు ఖర్చవుతుంది. నేల మిగులుతుంది.

పాలేరు కొడుకు కలెక్టరైతే చప్పట్లు కొట్టాం, ఇక ముందూ కొడతాం. పాలేరు కొడుకు తన సొంత చేలో, తన పేరున్న పాస్‌బుక్కుతో, తన సంఘంలో మాట చెల్లే రైతుగా నిలబడినప్పుడు కూడా అదే చప్పట్లు వినబడాలి. అతని చెల్లెలు పేరు ఆ పాస్‌బుక్కులో పక్కనే ఉండాలి. ఆ రోజు వచ్చేదాకా వేదిక మీద కప్పే శాలువాలను లెక్కపెట్టడం కాదు, రికార్డుల్లో లేని పేర్లను లెక్కపెట్టడమే మన పని.